చలికాలం నిలిపి ఉంచే క్యాంపర్‌లోకి ఎలుకలు, పురుగులు చేరకుండా: ముందు కన్నాలు, తర్వాతే మందులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పాత ట్రెయిలర్ క్యాంపర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇంటి బండి, ఒకటి కొన్నారు. చలి ముదిరాక నాలుగైదు నెలలు దాన్ని కదపరు, కవరు కప్పి ఆరుబయటే ఉంచేస్తారు. కొన్న రోజే సీటు కింద ఎలుక పెంటికలు కనబడ్డాయి. కలరా ఉండలు చల్లాలా, పుదీనా నూనె పెట్టాలా, శబ్దంతో ఎలుకల్ని తరుముతుందనే అల్ట్రాసోనిక్ పరికరం కొనాలా, లేకపోతే విషం పెట్టి వదిలేయాలా? ఈ నాలుగింటిలో ఏది మంచిది?

నా సమాధానం: నాలుగూ వద్దండీ. అవి పూర్తిగా పనికిరానివని కాదు. కానీ వాటి మీద పెట్టే శ్రద్ధలో సగం పెట్టి బండి కింద వెల్లకిలా పడుకుని కన్నాలు వెతికితే వాటి అవసరమే రాదు. ఇది నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు, చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను.

మొదటి చలికాలం నేనూ కలరా ఉండలే నమ్ముకున్నాను. ప్రతి అరలో, ప్రతి సీటు కింద గుప్పెడు చొప్పున వేసి, తలుపు బిగించి నిశ్చింతగా ఉన్నాను. ఎండలు మొదలయ్యాక తలుపు తీస్తే ఆ ఘాటుకి కళ్ళు మండాయి. సరే, పని చేసినట్టుంది అనుకుంటూ కింది డ్రాయర్ లాగాను. టిష్యూ రోలు నడిమధ్య దాకా తొలిచేసి ఉంది. ఆ కాగితం తునకలు, సీటు స్పాంజి ముక్కలు, ఎక్కడి నుంచో పీక్కొచ్చిన ఉన్ని అన్నీ కలిపి చక్కగా గుండ్రటి గూడు అల్లుకున్నాయి. గూటి అంచునే ఆనుకుని ఒక కలరా ఉండ. పక్కకి జరిపి మరీ కాపురం పెట్టినట్టుంది. ఎలుకలు పోయాయి గానీ ఆ వాసన మాత్రం పరుపుల్లోంచి ఏడాది దాకా పోలేదు. పిల్లలు లోపల పడుకోమని మొరాయించారు.

ముందు చిట్టెలుక సంగతి తెలుసుకుందాం, అప్పుడు మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. దాని తల ఎక్కడ దూరితే ఒళ్ళంతా అక్కడ దూరుతుంది. దానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు, అంటే మామూలు పెన్సిల్ లావు. అందుకే కన్నాలు వెతికేటప్పుడు నా చొక్కా జేబులో కొలిచే టేపు ఉండదు, పెన్సిల్ ఉంటుంది. పెన్సిల్ దూరిందంటే ఎలుక దూరినట్టే లెక్క. గరుకుగా ఉన్న ఏ గోడనైనా ఎక్కుతుంది. టైరు మీదుగా, తాడు పట్టుకుని, కరెంటు కేబుల్ వెంబడి వస్తుంది. నిలబడ్డ చోటు నుంచి అడుగు ఎత్తు ఎగరగలదు. రోజుకి 3 గ్రాముల తిండి చాలు. నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, తినే తిండిలో ఉండే తడితోనే చాలావరకు గడిపేస్తుంది. కడుపుతో ఉండేది మూడు వారాలు, ఒక్కో కాన్పుకి ఐదారు పిల్లలు, పుట్టిన ఆరు వారాలకే అవి కూడా ఈనడానికి సిద్ధం. మీరు బండి మూసి ఉంచేది నాలుగైదు నెలలు. కడుపుతో ఉన్న ఆడ ఎలుక ఒక్కటి దూరితే మీరు తలుపు తీసేసరికి ఎంతమంది ఎదురవుతారో లెక్క మీరే వేసుకోండి.

అది మీ బండిలోకి వచ్చేది ముఖ్యంగా తిండి కోసం కాదు. బయట నేల గడ్డకడుతుంటే గాలి తగలని పొడి చోటు, గూడు కట్టడానికి మెత్తటి సరుకు కావాలి. తిండి దొరికితే అదనపు లాభం. అందుకే "లోపల తినేది ఏమీ పెట్టలేదు, ఇంకెందుకు వస్తుంది" అనే ధీమా చెల్లదు.

ఇక కన్నాలు. ఇది రెండు దఫాలుగా చేయాలి. మొదటిది చీకటి పడ్డాక. బండి లోపల మంచి వెలుతురిచ్చే దీపం నేల మీద పెట్టండి. సింకు కింది అర, సీట్ల కింది పెట్టెలు, మంచం కింది తలుపులు అన్నీ బార్లా తెరవండి. తర్వాత బయటికొచ్చి, కింద పాత దుప్పటి పరుచుకుని, బండి కిందికి జరిగి పైకి చూడండి. వెలుతురు గీతలు గీతలుగా, చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. ఒక్కో చోట సుద్దతో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. నా బండి కింద మొదటిసారి 11 గుర్తులు పెట్టాను. ఒకటో రెండో ఉంటాయనుకుని దిగినవాణ్ణి. బండిని జాకీ మీద మాత్రమే ఎత్తి కిందికి దూరకండి, ఆ మాట మళ్ళీ చెప్పను. చక్రాలకు అడ్డు పెట్టి, బండి గట్టిగా నిలబడి ఉంటేనే కిందికి వెళ్ళాలి.

రెండోది పట్టపగలు, చేత్తో తడుముతూ చేసేది. ఎందుకంటే నేలకీ కింది రేకుకీ మధ్య మలుపులు తిరిగిన కన్నాల్లోంచి వెలుతురు రాదు, ఎలుక మాత్రం వస్తుంది. ముందుగా చూడాల్సింది బయటి కరెంటు కేబుల్ లోపలికి వెళ్ళే చిన్న తలుపు. కేబుల్ బయటికి రావడానికి దానికి ఒక గాడి ఉంటుంది, కేబుల్ తీసేశాక ఆ గాడి ఖాళీగా నోరు తెరుచుకుని ఉంటుంది. నేను చూసిన బండ్లలో సగానికి పైగా ఎలుకల సింహద్వారం అదే. కేబుల్ తగిలించే ఉంచితే ఇంకా ఘోరం, వాటికి మెట్లు కూడా వేసినట్టే. తర్వాత నీళ్ళ గొట్టాలు, మురుగు గొట్టం, గ్యాసు గొట్టం నేలలోంచి దిగే చోట్లు. తయారీలో పని త్వరగా అవ్వాలని సన్నటి గొట్టానికి కూడా గుప్పెడంత కన్నం కోసేసి వదిలేస్తారు. లోపల అర ఉంటుంది కాబట్టి కొన్నవాడికి అది కనబడదు. సింకు కింద అర వెనక చెక్క ఊడదీసి చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. నా బండిలో 20 మిల్లీమీటర్ల గొట్టం చుట్టూ నా బొటనవేలు సుఖంగా తిరిగేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ అంచు నూనె పూసినట్టు నల్లగా, నున్నగా మెరుస్తోంది. అలా మెరిసిందంటే ఎలుకలు రోజూ ఒళ్ళు రాసుకుంటూ తిరిగే దారి అని అర్థం. అలాంటి చోటు కనిపిస్తే ముందు అదే మూయాలి.

చక్రాల పైన ఉండే గూడులాంటి భాగాల మూలలు, ఇరుసు వైర్లు పైకెక్కే చోట్లు, వెనక లైట్ల వైర్లు, ముందు కొక్కెం దగ్గర్నుంచి లోపలికొచ్చే వైర్ల గుత్తి కూడా వదలకండి. పక్కకి జరిగే గది ఉన్న బండైతే నిలిపి ఉంచే కాలమంతా దాన్ని లోపలికి జరిపేసి ఉంచాలి. అయినా దాని రబ్బరు అంచులు మూలల్లో కలిసే చోట సందు మిగులుతుంది. బయట పెన్సిల్ పెట్టి చూడండి. చాలా బండ్లకి అడుగున గీతలు గీతలుగా ఉండే పల్చటి ప్లాస్టిక్ షీటు కొడతారు. ఆ షీటుకీ నేలకీ మధ్య చలి ఆగడానికి దూది లాంటి సరుకు నింపుతారు. షీటు ఎక్కడైనా చిరిగిందంటే ఎలుకలకి పరుపు పరిచి మరీ పిలిచినట్టే. దానికి టేపు అంటించి ఊరుకుంటే నెలలో ఊడుతుంది. నేను పల్చటి అల్యూమినియం రేకు ముక్క కోసి, అంచుల చుట్టూ సీలెంట్ పూసి, స్క్రూలు బిగిస్తాను.

దేంతో మూయాలి అన్నది కూడా అంతే ముఖ్యం. డబ్బాలోంచి కొడితే ఉబ్బే ఫోమ్‌తో మూసేస్తే చూడ్డానికి బాగుంటుంది, పని కూడా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఎలుక దాన్ని కొరికి బయటపడెయ్యడానికీ అంతే సేపు పడుతుంది. ఎలుకల ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీసుకుంటూ ఉండాల్సిందే. మెత్తటిదాన్ని కొరకడం వాటికి పని కింద లెక్కే కాదు. లోహం కావాలి. మామూలు స్టీల్ ఉన్ని ఎలుకని ఆపుతుంది గానీ తడి తగిలితే తుప్పు పట్టి, ఒకటి రెండేళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది. చుట్టూ తుప్పు మరక కూడా వదులుతుంది. స్టెయిన్‌లెస్ ఉన్ని గానీ రాగి తీగ అల్లిక గానీ వాడండి. కన్నంలోకి గట్టిగా కూరి, పైన సీలెంట్ పూసి ఆరనివ్వండి. సీలెంట్ పూయకపోతే లాగి పడేస్తాయి. ఫోమ్ మీద మీకు అంత ఇష్టమైతే ముందు రాగి అల్లిక కూరి దాని పైన కొట్టుకోండి, గాలి రాకుండా పనికొస్తుంది. పెద్ద కన్నాలకి 6 మిల్లీమీటర్ల కంటే చిన్న గళ్ళున్న వెల్డింగ్ జాలీ గానీ రేకు గానీ కొట్టాలి. వైర్ల చుట్టూ కూరేటప్పుడు మొన తేలిన తీగలు వైరు తొడుగులో గుచ్చుకోకుండా చూడండి. నేను ముందు వైర్లకి ఒక గొట్టం ముక్క తొడిగి అప్పుడు కూరతాను.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి దాటవేసి చదవొద్దు. బండిలో కనబడే ప్రతి కన్నమూ మూసేది కాదు. వంట గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది, అది బయటికి జారిపోవడానికి సిలిండర్ల అర అడుగున, కొన్ని బండ్లలో నేలలో కూడా కావాలనే కన్నాలు పెడతారు. అలాగే ఊపిరాడడానికి గోడల్లో, పైకప్పులో శాశ్వతంగా తెరిచి ఉండే గాలి దారులు ఉంటాయి. వీటిని సీలెంట్‌తో మూస్తే ఎలుకల బాధ పోతుందేమో గానీ మనుషుల ప్రాణం మీదికొస్తుంది. గాలి ఆడేలా లోహపు జాలీ కొట్టండి, అంతవరకే. ఏది గాలి దారో, ఏది తయారీలో వదిలేసిన కన్నమో తేలకపోతే బండితో వచ్చిన మాన్యువల్ చూడండి, లేదా గ్యాసు పని తెలిసిన మెకానిక్‌ని అడగండి.

హీటరు, నీళ్ళు కాచే గీజరు, ఫ్రిజ్ పొగ గొట్టాలది ఇంకో రకం. నిలిపి ఉంచినప్పుడు వీటిని మూయొచ్చు, మూయాలి కూడా. కానీ వాడే ముందు తీయకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికొస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. అందుకే వీటికి నేను ఎప్పుడూ బయటి నుంచి కనబడేలా మందపాటి టేపుతో రేకు ముక్క అంటించి, దానికి మూరెడు ఎర్ర రిబ్బను వేలాడదీస్తాను. ఎన్ని చోట్ల కట్టానో ఆ సంఖ్య ఒక అట్టముక్క మీద రాసి బండి తాళంచెవికే కడతాను. ఇప్పుడు నా తాళానికి వేలాడే అట్టమీద "5" అని ఉంది. ఐదు రిబ్బన్లు చేతిలోకి వచ్చేదాకా గ్యాసు సిలిండర్ తిప్పను. ఏడాది పొడవునా ఉండేలా జాలీ కొట్టాలనుకుంటే ఆ హీటరు తయారు చేసినవాళ్ళు ఒప్పుకుంటారో లేదో ముందు చూసుకోండి. కొందరు వద్దంటారు, గాలి తగ్గితే మంట సరిగా మండదు.

కన్నాలు మూయడానికి ముందు ఇంకొక్క మాట. మీ బండిలో ఇప్పటికే పెంటికలు ఉన్నాయన్నారు. లోపల ఎలుక ఉండగా అన్నీ మూసేస్తే దాన్ని బంధించినట్టవుతుంది, బయటపడడానికి అది వైర్లనీ చెక్కనీ కొరుకుతుంది. పెంటికలు చూస్తే కొంత తెలుస్తుంది. ఎలుకవి బియ్యపు గింజ ఆకారంలో, కొసలు మొనదేలి ఉంటాయి. కొత్తవి నల్లగా, కాస్త మెత్తగా మెరుస్తాయి. పాతవి బూడిద రంగుకి తిరిగి, కర్రపుల్లతో నొక్కితే పొడి అయిపోతాయి. అయినా నమ్మకం కుదరకపోతే శుభ్రం చేసిన తర్వాత నేల మీద, అరల్లో టాల్కం పౌడరు పల్చగా చల్లి మూడు రాత్రులు వదిలేయండి. ఎలుక తిరిగితే బుల్లి బుల్లి అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన సన్నటి గీత కనబడతాయి. నేను మొదటిసారి చేసినప్పుడు ఆ అడుగులు పొయ్యి వెనక నుంచి బయల్దేరి తిన్నగా సీటు మూలకి వెళ్ళి మాయమయ్యాయి. అక్కడ చెక్క పైకెత్తి చూస్తే, గుర్తు పెట్టిన ఆ 11లో లేని పన్నెండో కన్నం. మూడు రాత్రులు పౌడరు చెక్కుచెదరకపోతే అప్పుడు చివరి కన్నం మూయండి.

ఉన్న పెంటికల్ని చీపురుతో ఊడ్వకండి, వాక్యూమ్ కూడా పెట్టకండి. కొన్ని రకాల అడవి ఎలుకల మూత్రంలో, పెంటికల్లో హంటా వైరస్ ఉంటుంది. ఎండినవాటిని రేపితే లేచే ధూళిని పీల్చడం వల్లే ఎక్కువగా సోకుతుంది. 1993లో అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఊపిరితిత్తులు దెబ్బతిని ఆరోగ్యవంతులైన యువకులు కూడా చనిపోతుంటే వెతగ్గా వెతగ్గా ఈ వైరస్ మూలం డీర్ మౌస్ అనే ఎలుక దగ్గర తేలింది. భయపెట్టడానికి చెప్పడం లేదు, పద్ధతి తేలికే. తలుపులు, కిటికీలు అరగంట తెరిచి పెట్టి మీరు బయట ఉండండి. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోండి. ఒక వంతు బ్లీచ్‌లో తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, ఆ రోజే కలిపినది, పెంటికలు, గూడు బాగా తడిసేలా చల్లి ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత కాగితంతో ఎత్తి, సంచిలో వేసి మూతి కట్టి పారేయండి. ఆ చోటు మళ్ళీ ఒకసారి అదే నీళ్ళతో తుడవండి. గూడు ఎంత ముచ్చటగా ఉన్నా చేత్తో పట్టుకోవద్దు.

లోపలి సామాను గురించి క్లుప్తంగా చెప్తాను. తిండి మొత్తం బయటికి రావాలి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలతో సహా, అవి కొరుకుతాయి. జనం మరిచిపోయేవి ఇవి: సబ్బు (అందులో కొవ్వు ఉంటుంది, ఇష్టంగా తింటాయి), కొవ్వొత్తులు, టూత్‌పేస్టు, కుక్క బిస్కెట్లు, టీ పొడి, మసాలాలు. పొయ్యిని పైకెత్తి కింద రాలిన తునకలు తీయండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపుకి మడిచిన గుడ్డ అడ్డం పెట్టి తెరిచే ఉంచండి, లేకపోతే బూజు పడుతుంది. గూటికి పనికొచ్చేది ఏదీ ఉండకూడదు. టిష్యూలు, తువ్వాళ్ళు, దుప్పట్లు, దిండ్లు ఇంటికి తెచ్చుకోండి. పరుపులు, సీటు మెత్తలు తేవడానికి చోటు లేకపోతే లోపలే అంచు మీద నిలబెట్టండి. డ్రాయర్లన్నీ లాగి, అరల తలుపులన్నీ తెరిచి ఉంచండి. ఎవరూ కదపని చీకటి మూలలే వాటికి ఇష్టం, అవి లేకుండా చేయడమే మన పని. మీరు మధ్యలో చూడడానికి వెళ్ళినప్పుడు ఒక్క చూపులో అంతా కనబడుతుంది, అదొక లాభం.

ఇప్పుడు మీరు అడిగిన నాలుగు.

కలరా ఉండల కథ పైన చెప్పేశాను. అవి గాలి చొరని పెట్టెలో బట్టలు కొట్టే పురుగుల కోసం చేసినవి. మూసిన బండిలో నెలల తరబడి ఆ ఆవిరి నిండితే మనకే తలనొప్పి, వికారం. చిన్న పిల్లలు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం వేరే ఉంది. పుదీనా నూనె ఘాటు కొద్ది రోజులే. వారానికోసారి వెళ్ళి మళ్ళీ తడిపే ఓపిక ఎవరికుంటుంది? వాసన బాగుంటుంది, అంతకు మించి ఆశించకండి. అల్ట్రాసోనిక్ పరికరాల శబ్దం మెత్తలు, చెక్కలు దాటి వెళ్ళదు, ఎలుకలు దానికి తొందరగానే అలవాటు పడిపోతాయి. అమెరికాలో వ్యాపార ప్రకటనల మీద నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే, ఇలాంటివి తయారు చేసేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ కలిపి 60 మందికి పైగా, శాస్త్రీయ ఆధారం లేకుండా గొప్పలు చెప్పుకోవద్దని హెచ్చరిక లేఖలు పంపింది. పైగా నాలుగు నెలలు కరెంటు ఎక్కడి నుంచి ఇస్తారు? ఆ కేబుల్ మీదుగానే కదా ఎలుక వచ్చేది.

విషం మాత్రం గట్టిగా వద్దంటాను. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటారే, అదన్నమాట. మామూలుగా దొరికే విషాల్లో చాలావరకు రక్తం గడ్డకట్టకుండా చేసేవి. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజుల తర్వాత చస్తుంది. ఈలోపు అది గోడ పలకల మధ్యకో, హీటరు గాలి గొట్టంలోకో వెళ్ళి చస్తుంది. దాన్ని బయటికి తీయాలంటే గోడ విప్పాలి. శవానికి ఈగలు, పెంకు పురుగులు చేరతాయి. బయటికి వెళ్ళి చస్తే దాన్ని తిన్న గుడ్లగూబకీ పిల్లికీ కూడా ఆ విషం ఎక్కుతుంది. ఇంకో తమాషా ఏంటంటే, ఎలుకలు ఆ బిళ్ళల్ని తినకుండా మోసుకెళ్ళి దాచుకుంటాయి. ఎండాకాలంలో మీరు గాలి గొట్టం తెరిస్తే నీలం రంగు బిళ్ళలు గలగలా రాలతాయి, పక్కనే మీ పిల్లలు ఉంటారు.

స్ప్రింగు బోన్లు వాడొచ్చు, వాటి మీదే పూర్తిగా ఆధారపడకుండా. ఎలుక గోడ వెంబడే పరుగెడుతుంది కాబట్టి బోను గోడకి అడ్డంగా, ఎర పెట్టే కొస గోడని ఆనుకునేలా పెట్టాలి. బఠాణీ గింజంత పీనట్ బటర్ చాలు, ఎక్కువ పెడితే అంచున నాకి పోతుంది. మూడు నాలుగు చాలు. నా దృష్టిలో అవి అలారం లాంటివి. బోను పడిందంటే ఎక్కడో కన్నం మిగిలిందని అర్థం, వెతకాలి. కానీ నాలుగు నెలలూ వెళ్ళి చూడకుండా బోన్లు పెట్టి వదిలేసేటట్టయితే అసలు పెట్టకపోవడమే నయం. జిగురు అట్టలు వద్దు, అందులో ఇరుక్కున్న ప్రాణి పడే బాధ చూశాక మళ్ళీ కొనబుద్ధి కాదు.

బండి ఎక్కడ నిలపాలి? కంకర మీదో, కాంక్రీటు మీదో. చుట్టూ మీటరు దూరం దాకా గడ్డి, కట్టెల మోపులు, రాలిన పళ్ళు, పక్షులకి గింజలు వేసే పళ్ళెం లాంటివి లేకుండా. పక్షుల గింజల సంగతి చాలామందికి తట్టదు. కవరు కప్పితే నేల దాకా వేలాడనివ్వకండి, ఎలుకలకి పందిరి వేసి, ఎక్కడానికి గుడ్డ నిచ్చెన కూడా ఇచ్చినట్టవుతుంది. గాలి ఆడే రకం కవరు తీసుకోండి. లోపల తేమ పట్టే ఉప్పు డబ్బాలు ఒకటి రెండు పెట్టండి. పొడిగా ఉంటే బూజే కాదు, సిల్వర్‌ఫిష్ లాంటి తేమ కోరే పురుగులూ తగ్గుతాయి. తడిసి మెత్తబడిన చెక్క ఎక్కడైనా ఉంటే చీమలు గూడు పెడతాయి, కాబట్టి పైకప్పు కారుతుంటే ముందు దాని పని చూడండి.

పురుగుల దగ్గరికొస్తే, అసలు చిక్కు ఏమిటంటే అవి చలి వచ్చాక రావు, చలి రాబోతోందని తెలియగానే వస్తాయి. అక్షింతల పురుగులు, కంపు కొట్టే స్టింక్ బగ్‌లు, గుంపుగా దాక్కునే ఈగలు ఇంకా ఎండ కాస్తున్న రోజుల్లోనే వెచ్చటి గోడ వెతుక్కుంటూ కిటికీ రబ్బర్ల సందుల్లో, పైకప్పు ఫ్యాను మూత కింద చేరిపోతాయి. మీరు కవరు కప్పే రోజుకి అవి లోపలే ఉంటాయి. అందుకే రబ్బర్లు ఎండిపోయి పగిలితే ముందే మార్చి, ఫ్యానుకి సన్నటి దోమల జాలీ వేయాలి. ఎలుక జాలీ వీటిని ఆపలేదు. కనబడ్డవాటిని నలపకండి, మరకా పడుతుంది, కంపూ కొడుతుంది, వాక్యూమ్‌తో లాగేయండి. కందిరీగల్లో చలికాలం దాటేది కొత్త రాణులే. మూత కింద ఒక్క రాణి నిద్రపోతే ఎండలకి అక్కడే తుట్టె మొదలవుతుంది. పొడి పొడిగా ఉండే చోట డయటమేషియస్ ఎర్త్ అనే పౌడరు మూలల్లో పల్చగా వేస్తే పాకే పురుగులకి పని చేస్తుంది. తడిస్తే పని చేయదు. చల్లేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకోండి.

సాలీళ్ళని మాత్రం తక్కువ అంచనా వేయకండి. అవి కుట్టవు, కొరకవు, ఏదీ పాడు చేయవు అనిపిస్తుంది. కానీ గ్యాసు బర్నర్ గొట్టంలోకి దూరి దారం అల్లాయంటే మంట చెడిపోతుంది. గ్యాసు వాసనకే వస్తాయని చాలామంది అంటారు. ఇంధనం దగ్గరికి సాలీళ్ళు చేరడం కొత్తేమీ కాదు. 2011లో మాజ్దా కంపెనీ ఉత్తర అమెరికాలో 60 వేలకి పైగా కార్లని వెనక్కి పిలిపించింది. కారణం, పసుపు రంగు సాలీడు ఒకటి పెట్రోలు ట్యాంకు గాలి గొట్టంలో గూడు అల్లడం. గొట్టం మూసుకుపోతే ట్యాంకులో పీడనం తేడా వచ్చి ట్యాంకు పగిలే ప్రమాదం. 2014లో అదే కారణంతో మళ్ళీ పిలిపించాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు, మీ ఫ్రిజ్ బర్నర్ ఎంత.

మీది ట్రెయిలర్ కాబట్టి ఇంజను గొడవ లేదు. చదివేవాళ్ళలో క్యాంపర్ వ్యాన్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట: ఇంజను ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఎలుకలకి తయారుగా ఉన్న ఇల్లు. బండి స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి, ఆ డబ్బా మూత తీసి చూడండి. సైలెన్సర్ గొట్టంలో స్టెయిన్‌లెస్ ఉన్ని కూరితే దానికీ ఎర్ర రిబ్బను కట్టాలి.

అన్నీ చేశాక కూడా మూడు నాలుగు వారాలకోసారి వెళ్ళి రండి, మొదటి గట్టి చలి పడిన వారంలో తప్పకుండా. ఎలుకలు ఎక్కువగా ఇల్లు మారేది అప్పుడే. పది నిమిషాల పని: బోన్లు, మూలలు, పౌడరు. బ్యాటరీ తీసేసో, కనెక్షన్ విప్పేసో ఉంచండి. కొరికిన వైర్లలో కరెంటు ఉంటే మంటలు లేస్తాయి.

మళ్ళీ బండి తీసే రోజు తలుపులన్నీ తెరిచి గాలాడనివ్వండి. రిబ్బన్లు లెక్క చూసుకోండి. బ్యాటరీ తగిలించే ముందు కనబడే వైర్లు, గ్యాసు రబ్బరు గొట్టాలు చేత్తో తడుముతూ పళ్ళ గాట్లున్నాయేమో చూడండి. గ్యాసు తెరిచాక కీళ్ళ దగ్గర సబ్బు నీళ్ళు పూసి బుడగలు వస్తాయేమో గమనించండి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి మోగించండి. అప్పుడు కిటికీ తెరిచి పెట్టి ఒక్కో బర్నర్ వెలిగించండి. మంట నీలంగా, నిలకడగా ఉంటే సరే. పసుపుగా ఊగుతూ మసి పడుతుంటే గొట్టంలో సాలీడు కాపురం ఉన్నట్టే. వెంటనే ఆపేసి, శుభ్రం చేయించేదాకా దాన్ని మళ్ళీ వెలిగించకండి.